ఆకుపచ్చ తరగతి

ఆ బడిలో పిల్లలు వాళ్ళిద్దరినీ పెద్ద టీచరు, చిన్న టీచరు అనేవారు. ఇద్దరూ భాషే చెప్పేవారు. ఇద్దరూ పొద్దున్నే ఒకే ఇంట్లోంచి బయల్దేరి ఒకే బస్సు దిగేవారు. పెద్దావిడ వదిన, చిన్నావిడ ఆడపడుచు.

"వదినా ఆడపడుచులు ఒక ఇంట్లో ఉంటేనే ఉప్పూ నిప్పూ అంటారు, మీకు ఇల్లు చాలక బడి కూడా కావాల్సొచ్చిందా?" అని స్టాఫ్ రూములో ఆటపట్టించేవారు.

"ఇంట్లో పోట్లాడుకోవడానికి తీరిక దొరకదండీ, అందుకే ఇక్కడికొస్తాం" అనేది పెద్ద టీచరు.

ఆవిడ గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆవిడ క్లాసు జరుగుతుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు డస్టరుతో గోడ మీద కొట్టేవాడు. "మాస్టారూ, లెక్కలు నోరు మూసుకుని చేసుకోవచ్చు, భాష నోరు మూసుకుంటే రాదు" అని ఇవతల్నుంచి కేకేసేది. పిల్లల చేత మాట్లాడించడమే ఆవిడ విద్య. బస్సు ఎందుకు ఆలస్యమైందో చెప్పండర్రా అంటే ఒకడు డ్రైవరయ్యేవాడు, ఒకతి గయ్యాళి ప్రయాణికురాలయ్యేది, గది గదంతా బస్టాండయ్యేది. ఆఖర్న "ఇప్పుడిదే రాయండి" అనేది. మాట్లాడిన వేడి మీద రాసేసేవారు.

ఆవిడ కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆడపడుచు రెండు జడల బడిపిల్ల. సెలవు రోజున వదిన గచ్చు మీద పరీక్ష కాగితాలు పరుచుకుని దిద్దుతూ నవ్వొచ్చినవి పైకి చదివి వినిపించేది. 'ఆవు పాలిస్తుంది, కనుక అది సాధు జంతువు. మా ఇంటికి పాలవాడు పాలిస్తాడు, కనుక అతను కూడా సాధు జంతువే' అని ఎవరో రాస్తే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"దీనికి మార్కేస్తావా వదినా?"

"ఎందుకెయ్యను? 'కనుక' ఎక్కడ వాడాలో వాడికి తెలిసిపోయిందిగా!"

ఆ రోజే తనూ టీచరవుతానంది. అయింది కూడా. అయితే వదిన దూకుడు మాత్రం రాలేదు. చిన్న టీచరు మెత్తని మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. అబద్ధమాడితే చెవులు ఎర్రబడిపోయేవి. చిన్నప్పుడు పంచదార డబ్బా ఎవరు తెరిచారని వాళ్ళమ్మ అడిగేదే కాదట, చెవులు చూస్తే సరిపోయేదట. పెళ్ళి వద్దనుకుంది, ఎవరూ మెడలు వంచలేదు. మేడ మీద గది ఆమెది. కింద అన్నా వదినా, వాళ్ళమ్మ. పెద్ద టీచరు దంపతులకి పిల్లల్లేరు. ఆ లోటు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కారు గానీ, చిన్న టీచరుకి జ్వరమొస్తే బడికి సెలవు పెట్టి పక్కన కూర్చునేది వదినే.

అలా సాగిపోతున్న బతుకుల్లోకి కొలమానం వచ్చింది.

పైనుంచి ఉత్తర్వు. దాని పేరు భాషా ప్రగతి కొలమానం. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని భాషను ముక్కలు చేశారు. ఒక్కో ముక్కనీ మళ్ళీ మెట్లు మెట్లుగా కోశారు. ప్రతి పిల్లా ఏ మెట్టు మీదుందో వారం వారం పరీక్షించి టీచరు తన ఫోనులో నమోదు చెయ్యాలి. వచ్చిన పిల్లకి ఆకుపచ్చ, వస్తూ ఉన్న పిల్లకి పసుపు, రాని పిల్లకి ఎరుపు. చదవడానికైతే గడియారం పెట్టాలి. నిమిషంలో ఎన్ని మాటలు చదివితే అంత మెట్టు.

ఉద్దేశం చెడ్డదేమీ కాదు. అక్షరం ముక్క రాకుండానే పై తరగతికి ఎక్కిపోతున్న పిల్లలు ఉన్నమాట నిజమే. "ఎరుపు పెట్టడానికి భయపడకండి. ఎక్కడ ఎరుపు కనబడితే అక్కడికి సాయం పంపిస్తాం" అని శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. వెనక వరసలోంచి రేపో మాపో రిటైరయ్యే పెద్దాయన లేచాడు.

"బాబూ, మేమిలా వారం పొడుగునా పరీక్షలు పెడుతూ కూర్చుంటే, చదువు చెప్పేదెవరు?"

"మంచి ప్రశ్న సార్" అని ఆ కుర్రాడు తరవాతి బొమ్మ వేశాడు.

పెద్ద టీచరు ఆ మాట పట్టుకుని వారం రోజులు నవ్వించింది. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని భర్త అంటే "మంచి ప్రశ్న సార్" అనేది. చిన్న టీచరు మాత్రం నవ్వలేదు. తన తరగతిలో ఒక పిల్లకి దీనివల్ల మేలు జరుగుతుందని నిజంగానే నమ్మింది.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ కూతురు. నోరు తెరిస్తే కిచకిచ ఆగదు. ఏది చూసినా కథల్లేది. కానీ పుస్తకం ముందు పెడితే మాత్రం బిగుసుకుపోయేది. "ఈ అక్షరం ఇందాక అటు తిరిగుంది టీచర్" అనేది. బద్ధకమని కొందరన్నారు, మొండితనమని కొందరన్నారు. ఇంకేదో ఉందని చిన్న టీచరుకి అనిపించింది గానీ, ఆ ఇంకేదో ఏమిటో చూసి చెప్పగలిగిన వాళ్ళు ఆ బడిలో లేరు. అందుకే కొలమానం రాగానే మొట్టమొదట పిచ్చుకకి ఎరుపు పెట్టింది. సాయం వస్తుందని ఎదురుచూసింది.

సాయం రాలేదు. 'మీ తరగతిలో ఎరుపు ఉన్నది, కారణం తెలుపగలరు' అని సందేశం వచ్చింది.

కొన్నాళ్ళకి ఆ బడి తీరే మారిపోయింది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే భాష టీచర్లందరూ మెట్ల మీదకి పరిగెత్తేవారు, సిగ్నలు అక్కడే దొరికేది. ఒకరి తల మీదుగా ఒకరు ఫోన్లు పైకెత్తి నిలబడితే వాన కోసం చూస్తున్న కొంగల్లా ఉండేవారు. తీరా అంతా నింపాక తెర మీద చక్రం తిరిగి తిరిగి, మళ్ళీ మొదట్నుంచి నింపమనేది. సగం ఏడాది గడిచాక కొలమానంలోని మెట్లు మార్చారు. పాత లెక్క చెల్లదు, అందరినీ మళ్ళీ పరీక్షించండన్నారు.

పిల్లలు మనకన్నా తెలివైనవాళ్ళు, దేనికి మార్కులొస్తాయో ఇట్టే పసిగడతారు. ఒకనాడు పెద్ద టీచరు క్లాసులో ఒక కుర్రాడు గుక్క తిప్పుకోకుండా పాఠం చదివేస్తున్నాడు. అందులో తాత చచ్చిపోతాడు. చచ్చిపోయిన తాత మీదుగా వాడు రైలులా దూసుకుపోయాడు.

"ఒరేయ్ ఒరేయ్, వాక్యం అయిపోయింది కదరా! చుక్క దగ్గర ఆగవేం?"

"ఆగితే టైం పోతుంది టీచర్."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతి భర్తకి చెప్పింది. ఆయన బస్సు డిపోలో టైం కీపరు. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడెళ్ళింది రాసుకునే ఉద్యోగం. "నయం, నా బస్సులైనా ఆగాల్సిన చోట ఆగుతాయి" అన్నాడాయన. ముగ్గురూ నవ్వారు. చిన్న టీచరు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఏమైందే చిట్టీ అని అన్న అడిగితే, "ఏమో అన్నయ్యా, ఊరికే వస్తోంది" అంది.

అప్పటి నుంచీ వదిన కనిపెట్టి చూడటం మొదలుపెట్టింది. చిట్టి అన్నం కలుపుకుని కెలుకుతూ కూర్చుంటోంది. దువ్వితే జుట్టు చేతికి వచ్చేస్తోంది. ఫోను చప్పుడైతే ఉలిక్కిపడుతోంది. ఆమెకి అడ్డదారి తెలీదు. అందరూ ఒక పిల్లని పరీక్షించి పదిమందికి వేసేస్తుంటే ఆమె ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, గడియారం పెట్టి, విని, చూసినదే వేసేది. ఒకరిని వింటుంటే మిగతావాళ్ళు కొట్టుకునేవారు. వాళ్ళని విడదీసి వచ్చేసరికి నిమిషం అయిపోయేది. పాఠం చెప్పి నెలలు గడిచాయి.

గొంతు పూర్తిగా పోయాక వదిన ఆమెని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ గొంతులో లైటేసి చూసి, "టీచరా? భాషా?" అంది.

"మీకెలా తెలుసండీ?"

"ఈ మధ్య మీవాళ్ళే వస్తున్నారమ్మా. ఒకరికి గొంతు, ఒకరికి కడుపు, ఒకరికి నిద్ర. గొంతుకి మందు రాస్తాను. మిగతాదానికి నా దగ్గర మందు లేదు. విశ్రాంతి తీసుకోండి."

"సెలవు పెడితే వారం లెక్క పెండింగు పడుతుందండీ" అంది చిన్న టీచరు గుసగుసగా. డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

ఆ తరవాత వారమే హెడ్మాస్టరు పిలిచాడు. హెడ్డుగారు దుర్మార్గుడు కాదు. ఒకప్పుడు పిల్లలతో బంతాట ఆడిన మనిషే. ఇప్పుడాయన బల్ల మీద కూడా ఒక తెర ఉంది, అందులో బడి అంతా రంగుల్లో కనబడుతుంది.

"అమ్మా, బడి మొత్తం మీద ఎరుపు మీ ఒక్క తరగతే. నన్ను పైవాళ్ళు నిలబెట్టి కడిగేస్తున్నారు. మిగతావాళ్ళ పిల్లలంతా పండితులూ మీ పిల్లలు మొద్దులూనా?"

"ఉన్నదే వేశాను సార్. సాయం పంపుతామన్నారు కదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సాయం అంటే తనిఖీ అమ్మా. ఇన్నేళ్ళ సర్వీసులో మీకింకా అర్థం కాలేదా?"

సెలవు రోజు మధ్యాహ్నం పెద్ద టీచరు వంటగదిలో గిన్నెలు సర్దుకుంటూ ఆడపడుచుని కిందికి పిలిచింది. ఎదురుగా కూర్చోబెట్టి, "ఆ ఫోనిలా తే" అంది.

"ఎందుకు?"

"ఆకుపచ్చ నొక్కుతాను."

"వద్దు వదినా. సగం మందికి ఇంకా రాలేదు. పిచ్చుకకి చదవడమే రాదు."

"రాదని నీకు తెలుసు, నాకు తెలుసు, పైనున్న భగవంతుడికి తెలుసు. ఫోనుకి తెలియకపోతే ఏం కొంపలు మునుగుతాయే? ఎరుపు పెట్టి దాన్నేం ఉద్ధరించావు? ఆకుపచ్చ పెట్టేస్తే నిన్నొదిలేస్తారు. వదిలేస్తే కూర్చుని చక్కగా దానికి నేర్పుకో. అందరూ చేస్తున్నదేగా. నేను మాత్రం ఏం చేస్తున్నాననుకున్నావు?"

చిన్న టీచరు వదిన మొహంలోకి చూసింది. "నువ్వు కూడానా?"

"నేను కూడానే."

ఆమె ఫోను బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెద్ద టీచరు చెయ్యి తుడుచుకుని తన వేలితోనే ఒక్కొక్క పేరూ నొక్కుతూ పోయింది. తరగతంతా పచ్చబడింది. పిచ్చుక దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. ఒక్కటే ఎరుపు మిగిలితే అందరి కళ్ళూ దాని మీదే పడతాయని అదీ నొక్కేసింది.

ఆ తరవాతి రోజులు బాగున్నాయి. బాగున్నాయనే చెప్పాలి. సందేశాలు ఆగిపోయాయి. చిన్న టీచరుకి గొంతు తిరిగొచ్చింది. పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించింది, వేలితో వీపు మీద రాసి ఏమిటో చెప్పమంది. పిచ్చుక కొన్ని చెప్పింది కూడా. బస్సులో వస్తూ "వదినా, ఇవాళ దాని పేరు అది రాసుకుంది" అని చెబుతుంటే పెద్ద టీచరుకి కడుపు నిండిపోయేది. తను చేసింది మంచి పనేనని గట్టిగా అనుకుంది.

కానీ రంగులు చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. ఎర్రగా ఉన్న తరగతి ఒక్కసారిగా పచ్చబడటం పైవాళ్ళకి మహా నచ్చింది. ఇంత త్వరగా ఇంత ప్రగతి ఎలా సాధ్యమైందో చూసి, మిగతా బళ్ళకి చూపిద్దామనుకున్నారు. హెడ్డుగారు స్టాఫ్ రూముకి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. చిన్న టీచరు తరగతి ఆదర్శ తరగతిగా ఎంపికైంది, వారం తిరక్కుండా బృందం వస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వదిన వైపు తిరిగింది.

"ఏం కాదు, చురుకైన వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టు" అంది వదిన. అది తప్ప ఇంకేం చెప్పాలో ఆవిడకీ తోచలేదు.

బృందానికి పెద్దగా వచ్చిన ఆవిడ మంచి మనిషిలాగే ఉంది. ముందు వరస వాళ్ళని చదివించింది. గడగడా చదివారు. సంతోషించి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఫోనులో పేర్లు చూసి, "ఈ అమ్మాయి ఏదీ? అన్నిటికన్నా ఎక్కువ మెట్లెక్కింది ఈ అమ్మాయే" అంది. ఆ అమ్మాయి పిచ్చుకే. కింది నుంచి ఒక్క గంతులో పైకెక్కిన పిల్ల మరి.

పిచ్చుక లేచింది. చేతికి పుస్తకం ఇచ్చారు. అది ఒకసారి పుస్తకం వైపు, ఒకసారి టీచరు వైపు చూసింది. టీచరు మొహంలో ఏం కనబడిందో, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"అనగనగా ఒక ఇస్త్రీ పెట్టె. దానికి చాలా కోపం. ఏ బట్ట కనబడినా కాల్చేద్దామని చూసేది. ఒకరోజు దాని ముందుకి ఒక గౌను వచ్చింది. నన్ను కాలిస్తే కాల్చావు గానీ, నా జేబులో ఒక చీమ నిద్రపోతోంది, అది లేచేదాకా ఆగు అంది. పెట్టె ఆగింది. ఆగేసరికి చల్లారిపోయింది. చల్లారాక దానికి గౌను మీద పువ్వులున్నాయని మొదటిసారి కనబడింది."

మధ్యలో రెండుసార్లు పేజీ కూడా తిప్పింది. ఆగాల్సిన చోటల్లా ఆగింది. గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. వచ్చిన ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ఎంత బాగా చదివావమ్మా! ఏ పాఠం ఇది?" అని పుస్తకం అందుకుంది. పిచ్చుక తెరిచి పట్టుకున్నది వాననీటిని పొదుపు చేసే పాఠం.

ఆవిడ పేజీ వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. పుస్తకం మళ్ళీ పిల్ల చేతిలో పెట్టి, ఈసారి మెల్లగా, "ఈ మొదటి వాక్యం చదువు తల్లీ" అంది.

పిచ్చుక నోరు తెరిచింది, మూసింది. గదిలో అందరూ దాన్నే చూస్తున్నారు. చిన్న టీచరు ముందుకొచ్చి పుస్తకం తీసేసుకుంది.

"దానికి చదవడం రాదండీ. కథ దాని సొంతం. దాన్నేమీ అనకండి."

"మరి ఇక్కడ ఆకుపచ్చ ఉందే?"

"అది నిజం కాదండీ."

చిన్న టీచరు మీద విచారణ వేశారు. దానికి పెద్ద టీచరు పిలవకుండానే వెళ్ళింది. వేసింది నా వేలు, చెప్పింది నా నోరు, మా ఆడపడుచుకేమీ తెలియదని బల్ల గుద్ది చెప్పింది. అవతల కూర్చున్నాయన ఓపిగ్గా విన్నాడు.

"లాగిన్ ఎవరిదమ్మా?"

"ఆమెదే. కానీ నొక్కింది నేను."

"కొలమానానికి వేళ్ళు తెలియవమ్మా, లాగినే తెలుస్తుంది. పైగా మీరు చెప్పింది రాసుకుంటే మీ తరగతి కూడా తిరగదోడాలి, మొత్తం బడి తిరగదోడాలి, ఇంకా ఎన్ని బళ్ళో. మీరు వెళ్ళండి."

ఆవిడ స్టాఫ్ రూముకి వచ్చి మిగతా భాష టీచర్ల ముందు నిలబడింది. "మనమందరం చేశాం. అందరం కలిసి ఒక మాట చెబితే ఎవరినీ ఏమీ చెయ్యలేరు. రండి." ఎవరూ లేవలేదు. ఒకాయన వేళ్ళకంటిన సుద్ద గీక్కుంటూ కూర్చున్నాడు. ఒకావిడ ఏడుస్తూ, "మాకూ పిల్లలున్నారమ్మా" అంది. పక్క గది లెక్కల మాస్టారొక్కడే లేచి, "నేను సంతకం పెడతానమ్మా" అన్నాడు. ఆయన సంతకం దేనికీ పనికిరాదని ఆయనకీ తెలుసు.

హెడ్డుగారు ఆవిడని తన గదిలోకి పిలిచి, తలుపు వేసి మెల్లగా చెప్పాడు. "మీరింకా గొడవ చేస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఇంట్లో ఒక్కరిదైనా ఉండనివ్వండి." పెద్ద టీచరు, అన్ని మాటలు నేర్పిన మనిషి, తల దించుకుని క్లాసుకెళ్ళిపోయింది.

చిన్న టీచరుని తొలగించలేదు గానీ, పక్కన పెట్టారు. ఆమె మేడ గదిలో కూర్చునేది. తల్లి కింది మెట్టు మీద కూర్చుని, "ఏం తప్పు చేసింది నా బిడ్డ? ఎవర్ని కొట్టిందా, తిట్టిందా?" అని అడిగిన మాటే అడిగేది. ముసలావిడకి ఎరుపేమిటో పచ్చేమిటో ఎవరు చెప్పగలరు? పెద్ద టీచరుతో భర్త మాత్రం ఒక్కసారే అన్నాడు. "చేయించింది నువ్వు. అనుభవించేది అది." ఆ తరవాత మళ్ళీ ఎత్తలేదు. ఎప్పటిలాగే వచ్చేవాడు, వెళ్ళేవాడు. కానీ బడి కబుర్లు అడగడం మానేశాడు.

పెద్ద టీచరు ఒక సాయంత్రం మేడెక్కింది. ఆడపడుచు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"తిట్టవే నన్ను. నాలుగు తిట్టు. నా మనసు కుదుటపడుతుంది."

"నీ తప్పేముంది వదినా? నీ మీద నాకేం లేదు."

అలా అంటుంటే ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి. పెద్ద టీచరు చూసింది. చూసి, చెయ్యి వదిలి, కిందికి దిగి వచ్చేసింది.

పిచ్చుకకి ఎవరు చెప్పారో ఏమో, తను సరిగ్గా చదవకపోవడం వల్లే టీచరుని తీసేశారని దాని బుర్రలో పడిపోయింది. ముందు మాట్లాడటం మానేసింది. తరవాత బడి మానేసింది. పెద్ద టీచరు వెతుక్కుంటూ ఇస్త్రీ దుకాణానికి వెళితే అది మడతలు పెడుతూ తల ఎత్తలేదు. వాళ్ళమ్మ మర్యాదగానే చెప్పింది. "దానికి చదువు అచ్చిరాలేదండీ. నిద్రలో ఏడుస్తోంది. వదిలెయ్యండి."

"నేను కూర్చోబెట్టి నేర్పుతానమ్మా. పరీక్షలేమీ ఉండవు."

"మీ బడిలో పరీక్షలుండవా?" అందావిడ. ఎకసెక్కానికి అన్నది కాదు, నిజంగానే అడిగింది. పెద్ద టీచరు ఇంటికొచ్చేసింది.

కొన్నాళ్ళకి చిన్న టీచరుని మళ్ళీ తీసుకున్నారు. బళ్ళోకి కాదు, ఆఫీసులోకి. అక్కడ పెద్ద హాలులో వరసగా బల్లలు, బల్లకొక ఫోను. ఏ బడి నుంచి వారం లెక్క రాలేదో చూసి, ఆ టీచర్లకి ఫోను చేసి గుర్తు చెయ్యడం పని. వద్దని అన్న అన్నాడు, వదిన బతిమాలింది. ఆమె వినలేదు. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది. పిల్లల మొహాలు చూడక్కర్లేని పని, అదే నయం" అంది. పొద్దున్నే వేరే బస్సెక్కేది. సాయంత్రం వచ్చి, తిని, మేడెక్కేది. అన్నం మాత్రం సరిగ్గా తింటోందని తల్లి సంతోషించింది.

ఏడాది తిరిగేసరికి కొలమానం కూడా తీసేశారు. రంగులు తప్పుదోవ పట్టిస్తున్నాయని పైవాళ్ళే తేల్చారు. దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. ఇందులో రంగుల్లేవు. పిల్లలు చదువుతుంటే ఫోనే విని మార్కేస్తుంది. టీచరు చెయ్యాల్సిందల్లా ఫోను పట్టుకుని నిలబడటం. గదిలో ఇంకే చప్పుడూ ఉండకూడదు, ఉంటే ఫోనుకి వినబడదు. అందుకని పెద్ద టీచరు పిల్లల్ని గప్‌చిప్‌గా కూర్చోబెట్టడం నేర్చుకుంది. గోడ అవతల లెక్కల మాస్టారు రెండు మూడుసార్లు తొంగి చూసి వెళ్ళాడు, లోపల ఎవరైనా ఉన్నారా లేరా అని.

ఒక వారం ఆవిడ లెక్క పంపలేదు. మొండితనమేమీ కాదు. ఆ వారం ఒక పిల్లాడు తన కుక్కపిల్ల తప్పిపోయిన కథ మొదలుపెట్టాడు, ఎన్నాళ్ళకో క్లాసంతా నోరు విప్పింది, వెతకడానికి తలా ఒక దారి చెప్పింది. ఆవిడ ఫోను బల్ల సొరుగులో పడేసి వింటూ కూర్చుండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"నమస్కారమండీ. మీ తరగతి వివరాలు ఈ వారం ఇంకా అందలేదు. సాయంత్రంలోగా పంపకపోతే కారణం రాసివ్వాల్సి ఉంటుంది."

గొంతు చిట్టిది. చల్లగా, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా ఉంది.

"చిట్టీ, నేనే."

అవతల ఆమె వెనక ఎవరివో అవే మాటలు, అదే తీరులో వినబడుతున్నాయి.

"తెలుసండీ. కాల్ రికార్డవుతోంది. సాయంత్రంలోగా పంపండి."

ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నారు. వదిన పెరుగు వేసింది, ఆడపడుచు చాలంది. ఫోను సంగతి ఆవిడా ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. లెక్క అప్పటికే వెళ్ళిపోయింది. కుక్కపిల్ల దొరికిందో లేదో చెప్పడానికి ఆ పిల్లాడు మర్నాడు చెయ్యెత్తితే, "తరవాత చెబుదువుగాని, ముందు చదువు" అని పెద్ద టీచరు వాడి నోటి దగ్గర ఫోను పెట్టింది.